పనిచేసే స్థలం: విశాఖపట్నం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట ఆగిపోతుంది. ఆ అరవై ఒక్క రోజులూ మా ఎంవీపీ కాలనీ వీధిలోకి చేపల గంప సరిగా రాదు. వేట మొదలయ్యాక, జూన్ మూడో వారంలో, పెదజాలారిపేట నుంచి మామ్మ మళ్లీ వస్తుంది. గేటు దగ్గర గంప దించుకుంటూ నన్ను చూసి ఏటా ఒకటే మాట అడిగేది: "ఏటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? శెలవులు అవ్వలేదేటి?"

2021లో నవ్వి ఊరుకున్నాను. 2022లో "ఇంట్లోంచే పని మామ్మా, కంప్యూటర్ మీద" అని చెప్పాను. కానాగంతలు తూస్తూ వింది, నమ్మినట్టు లేదు. 2023లో అడిగినప్పుడు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు నెలలోనే మా కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. వారానికి మూడు రోజులు బెంగుళూరు ఆఫీసుకు రావాలి, తొంభై రోజుల గడువు. మూడేళ్లుగా నేను ఇల్లనుకున్న చోటు, ఆ మెయిలు లెక్కలో నిజంగా సెలవుల మకామే. మామ్మ అడిగిందే నిజమైంది.

ఇంటి నుంచి పని వచ్చాక జనం ఊళ్లు మారుతున్నారని అందరూ అంటున్నారు. వస్తున్నది నిజమే. ఈ వీధిలోనే చూస్తున్నాను. కానీ రావడం వేరు, ఉండడం వేరు. ఉండొచ్చన్న మాట కాగితం మీద లేనంతకాలం, వచ్చినవాళ్లు ఊళ్లో ఉండరు, ఆగుతారంతే. ఆగిన మనిషి ఇల్లు కొనలేడు, బడి మార్చలేడు, వార్డు మీటింగుకు వెళ్లడు, మొక్క కూడా కుండీలోనే పెడతాడు. ఈ మాట నేను మూడేళ్లు ఆగి, ఆ తర్వాతే ఉండడం మొదలుపెట్టి చెబుతున్నాను.

అసలు విశాఖ పని కోసం వచ్చినవాళ్ల ఊరు. 1933లో పోర్టు తెరిచారు. 1941లో షిప్‌యార్డుకు పునాది పడింది. 1957లో రిఫైనరీ, ఆ తర్వాత ఉక్కు. ఒక్కో ఫ్యాక్టరీ గోడ పక్కన ఒక్కో పేట మొలిచింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు ఫ్యాక్టరీని 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ మధ్య సంవత్సరాల్లో మా నాన్న పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి అందులో చేరారు. ఎక్కడ ఉండాలన్నది ఆయన ఎంచుకున్నది కాదు. ఉద్యోగం ఇచ్చినచోట, క్వార్టర్ కేటాయించిన సెక్టారులో ఉన్నారు. ఉక్కునగరంలో మా బాల్యమంతా ఏ, బీ, సీ షిఫ్టుల మీద నడిచింది. నాన్న సీ షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటే, అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు. గంజి వార్చి అన్నం వండేది, విజిల్ మోగకుండా.

ఇంకా వెనక్కి వెళ్తే ఉత్తరాంధ్రలో పని అనే మాటకు వలస అనే అర్థమే ఉంది. మా తాతగారి తరంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చేసిన కుటుంబాల గుర్తుగా కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. ఇవాళ్టికీ శ్రీకాకుళం మత్స్యకారులు ఇంటి ముందే సముద్రం పెట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి పడవలెక్కుతారు, ఒక్కోసారి సరిహద్దు దాటి పాకిస్తాన్ జైల్లో పడతారు. హైదరాబాద్‌లో కొత్త అపార్టుమెంటు కట్టే చోటికి వెళ్లి కాసేపు నిలబడండి, మా యాస వినబడుతుంది. ఇంజినీరింగ్ చదివి బెంగుళూరు వెళ్లిన నేను ఆ వరసలోనిదాన్నే. నాకు ఏసీ గది దొరికింది, అంతే తేడా.

అందుకే ఇంటి నుంచి పని అన్నది నాకు సౌకర్యాల విషయంలా అనిపించదు. మా ప్రాంతంలో మూడు నాలుగు తరాల తర్వాత మొదటిసారి, పని మనిషిని ఊరు దాటించకుండా ఊళ్లోకే వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు.

బయట ఉండడం అంటే ఏమిటో నాకు 2014 అక్టోబర్ 12న తెలిసింది. హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు. బెంగుళూరులో నా గది కిటికీలోంచి మామూలు ఆదివారం ఎండ కనబడుతోంది. టీవీలో మా బీచి రోడ్డు. ఎయిర్‌పోర్టు పైకప్పు. పదకొండు గంటలకు అమ్మ ఫోన్లో "తలుపులు కొట్టుకుంటున్నాయి, నాన్నగారు బీరువా అడ్డం పెడుతున్నారు" అంది. అంతే, లైను పోయింది. ఆ తర్వాత రెండున్నర రోజులు ఏ నంబరూ కలవలేదు. అమ్మది, నాన్నది, పక్కింటివాళ్లది, మేనమామది, ఒకటి తర్వాత ఒకటి నొక్కుతూనే ఉన్నాను. సోమవారం ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు ఏం పని చేశానో ఇప్పుడు గుర్తు లేదు. ఎవరో ఒకాయన మా వీధి నుంచి అనకాపల్లి దాకా బండి మీద వెళ్లి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి, కాగితం మీద రాసుకొచ్చిన పది ఇళ్ల పిల్లల నంబర్లకు వరసగా ఫోన్ చేశాడు. నా వంతు వచ్చినప్పుడు "మీ అమ్మా నాన్నా బాగున్నారమ్మా, నీళ్లకే ఇబ్బంది" అని పెట్టేశాడు, ఇంకా నంబర్లు మిగిలున్నాయని. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాగితంలో ఉన్న పది మంది పిల్లలూ పది ఊళ్లలో ఉన్నారన్న సంగతి మాత్రం నన్ను వదల్లేదు.

2020 మార్చిలో, రైళ్లు ఆగిపోవడానికి మూడు రోజుల ముందు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పాపతో వచ్చేశాను. లాప్‌టాప్ సంచీ, రెండు సూట్‌కేసులు. నాన్న అప్పటికి రిటైరై ఈ కాలనీలో పాత ఫ్లాటు కొనుక్కున్నారు. పది రోజులనుకున్నది నెలలైంది, నెలలు ఏడాదైంది. 2021లో మా ఆయనకు పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం దొరికింది. ఆయన పని మందుల పక్కనే ఉండి చేసేది, నా పని ఎక్కడైనా చేసేది. అదే వీధిలో అద్దెకు తీసుకున్నాం.

నాది అమెరికా క్లయింటు. రాత్రి ఒంటిగంట దాకా కాల్స్. పొద్దున్న లేచేసరికి ఎనిమిది. మొదట్లో చుట్టాలకు ఇది అర్థం కాలేదు. "ఇంట్లోనే ఉంటుంది కదా" అన్న మాట ఎంతటి బరువో, అలా ఇంట్లో కూర్చుని సంపాదించే ప్రతి ఆడదానికీ తెలుసు. ఇంట్లోనే ఉంటుంది కదా, గ్యాసు బండ వస్తే తీసుకోమను. ఇంట్లోనే ఉంటుంది కదా, పెళ్లి పిలుపులకు వచ్చినవాళ్లకు టిఫిను పెట్టమను. మగవాడు గది తలుపు వేసుకుంటే ఆఫీసు, ఆడది వేసుకుంటే పొగరు. ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో నాకు ట్రాఫిక్‌లో పోయిన సమయమంతా ఇక్కడ వంటింట్లో పోవడం మొదలైంది. ఇంటి నుంచి పని ఆడవాళ్లకు వరం అని చెప్పేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

నా విషయంలో దీన్ని మార్చింది నాన్న. ఒక మధ్యాహ్నం పెద్దత్త వచ్చి "అమ్మాయి ఏదీ, రమ్మను" అంటే, ఆయన "డ్యూటీలో ఉంది" అన్నారు. వర్క్ అనలేదు, కంప్యూటర్ దగ్గరుంది అనలేదు. డ్యూటీ. ఉక్కు ఫ్యాక్టరీలో జీవితమంతా గడిపిన మనిషి నోట ఆ మాటకున్న గౌరవం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి అమ్మ కూడా అదే మాట అనడం మొదలుపెట్టింది. రాత్రి కాల్స్ ఎక్కువగా ఉన్న వారాల్లో పొద్దున్నే వచ్చి పాపను వాళ్లింటికి తీసుకెళ్లిపోతుంది. "దానిది సీ షిఫ్టు" అంటుంది.

2022లో నాన్నకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఒక కన్నుకు, రెండు నెలల తర్వాత ఇంకో కన్నుకు. ఆపరేషన్ కష్టం కాదు, అరగంట పని. ఆ తర్వాత చుక్కల మందుంది చూడండి. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం ఐదు, అలా తగ్గించుకుంటూ ఆరు వారాలు. ఆయన చెయ్యి వణుకుతుంది, అమ్మకు సీసా మీద అక్షరాలు ఆనవు. నేను రెండు మీటింగుల మధ్య చెప్పులేసుకుని నాలుగు ఇళ్ల అవతలికి వెళ్లి, ఆయన తల వెనక్కి వంచి, కింది రెప్ప లాగి ఒక చుక్క వేసి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు ఉండమని చెప్పి వచ్చేసేదాన్ని. మొత్తం ఎనిమిది నిమిషాలు. సంక్రాంతికి నాలుగు రోజులు వచ్చి, చీరలూ స్వీట్లూ పెట్టి వెళ్లే కూతురు వెయ్యలేని చుక్క అది. డబ్బు పంపి వేయించవచ్చు. వేయించిన వాళ్లను నేను తప్పు పట్టను, నేనూ ఎన్నో ఏళ్లు పంపాను. కానీ ఎనిమిది నిమిషాల దూరంలో ఉండడం ఎంత విలువైనదో, ఆ ఆరు వారాల్లో నాకు తెలిసింది.

ఇంత జరుగుతున్నా కాగితం మీద నేను విశాఖలో లేను. ఆ రోజుల నాటి పే స్లిప్పులు నా దగ్గర ఉన్నాయి. ప్రతి నెలా 200 రూపాయలు వృత్తి పన్ను కోత. ఆ డబ్బు కర్ణాటకకు. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఈ పన్ను ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదు, కాబట్టి పెద్ద మొత్తమేమీ కాదు. నన్ను బాధించింది మొత్తం కాదు. నా చెత్త ఎత్తేది ఈ ఊరు, నేను తాగేది తాటిపూడి, రైవాడ జలాశయాలు ఆదుకుంటున్న ఈ ఊరి నీళ్లు, హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొన్నిచోట్ల భూమిలోకి దించిన కరెంటు తీగల మీద నమ్మకంతో నేను క్లయింటుకు డెమో ఇస్తున్నాను. నేను ఉన్నట్టు లెక్క మాత్రం వెయ్యి కిలోమీటర్ల అవతల.

ప్రభుత్వాల నియమాలు కూడా ఈ ఏర్పాటును గడువు పెట్టే చూశాయి. 2020 నవంబర్‌లో టెలికాం శాఖ నిబంధనలు సడలించి ఐటీ, బీపీవో ఉద్యోగులు ఇంటి నుంచి పనిచెయ్యడాన్ని సులువు చేసింది. మంచిదే. 2022 జులైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ల కోసం కొత్త నియమం వచ్చింది, 43ఏ అని. సగం మంది దాకా ఉద్యోగులు ఇంటి నుంచి పనిచెయ్యవచ్చు, అయితే ఏడాది వరకే. తర్వాత సవరించారు, పొడిగించారు. పొడిగింపు మీద బతికే మనిషి పిల్లను ఏ బడిలో వేస్తాడు? మా పాపకు మూడేళ్లలో మూడుసార్లు అడ్మిషన్ ఫారం నింపాం, రెండుసార్లు బెంగుళూరు బడికి కూడా ఫీజు కట్టాం, పోతుందేమోనని భయపడి. ఆ భయం ఖరీదు ఏ పే స్లిప్పులోనూ ఉండదు.

2023లో మెయిలు వచ్చాక ఆరు నెలలు ప్రయత్నించాను. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరడం, అక్కడ వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో నాలుగు రాత్రులు, గురువారం తిరిగి రావడం. విమానం టికెట్లకు జీతంలో మూడో వంతు పోయేది. ఆఫీసులో నా బృందంలో నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. మిగతావాళ్లు పుణేలో, నోయిడాలో, చికాగోలో. అంటే ఇక్కడ మా ఇంట్లో కూర్చుని ఎవరితో మాట్లాడేదాన్నో, అక్కడ కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని వాళ్లతోనే మాట్లాడేదాన్ని. ఆఫీసులో కలిసి కూర్చుంటే కొత్తవాళ్లు పని త్వరగా నేర్చుకుంటారన్న వాదన ఉంది. ఆ వాదనను నేను ఒప్పుకుంటాను, నేనూ నా మొదటి మూడేళ్లు పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్ని చూసే నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ల పిల్లలకు ఆఫీసు ఉండాలి. కానీ బృందమే నాలుగు ఊళ్లలో ఉన్నప్పుడు, ఒక మనిషిని ఇంట్లోంచి లాగి ఖాళీ గదిలో కూర్చోబెడితే నేర్పేదెవరు, నేర్చుకునేదెవరు?

2024 జనవరిలో రాజీనామా చేశాను. మార్చిలో ఇంకో చోట చేరాను, జీతం కొంచెం తక్కువే. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు జీతం అంకె కంటే ముందు నేను వెతికిన వరస వేరు. రెండో పేజీలో ఉంది: పనిచేసే స్థలం, విశాఖపట్నం. మార్చాలంటే ఇద్దరి అంగీకారం కావాలని దాని కిందే రాసి ఉంది. ఆ వాక్యం కోసం నేను హెచ్ఆర్ వాళ్లతో మూడుసార్లు మాట్లాడాను. నాన్న అద్దాలు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు. "పోస్టింగ్ ఆర్డర్ వచ్చినట్టే" అన్నారు.

ఆ తర్వాతే చాలా పనులు చేశాను. ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకున్నాను, ఆ మే 13న ఇక్కడే వేశాను. వృత్తి పన్ను 200 ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు పోతోంది. వీధి చివర కాలువ పూడిక గురించి నగరపాలక సంస్థకు అర్జీ పెట్టినవాళ్లలో నా సంతకం ఉంది. ఇంతకుముందు కూడా ఆ కాలువ పక్కనుంచే నడిచేదాన్ని. అర్జీ పెట్టాలని తోచలేదు.

ఇప్పుడు కష్టమైన సంగతి. మేం ఉంటున్న ఇంట్లో మాకు ముందు ఒక టీచరమ్మ ఉండేవారు. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతారు. తొమ్మిదేళ్లు ఉన్నారు, 11,000 అద్దె. ఇంటి యజమాని 17,000 అడిగితే ఖాళీ చేశారు. ఆ 17,000 ఇచ్చింది మేం. బెంగుళూరులో 30,000 కట్టిన చేతికి అది చవకగా కనబడింది, బేరం కూడా ఆడలేదు. ఆమె ఇప్పుడు ఆనందపురం వైపు ఉంటున్నారు. మధురవాడ, హనుమంతువాక మీదుగా బస్సులో వచ్చి పోవడానికి రోజుకు గంటన్నర పడుతుందని, రైతుబజారులో కనబడినప్పుడు చెప్పారు. నిష్ఠూరంగా కాదు, మాటల్లో చెప్పారు. బెంగుళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను పోగొట్టుకుని, ఇక్కడికి వచ్చి మిగుల్చుకున్నది కూడా సరిగ్గా గంటన్నరే. ఆమె పని పిల్లల ఎదుట నిలబడి చేసేది. మామ్మ గంప, మా ఆయన ల్యాబు, పోర్టు కళాసీ పని, ఆసుపత్రి నర్సు పని, ఇవేవీ ఇంట్లోంచి జరగవు. ఊరు ఎంచుకునే వీలు కొందరికే వచ్చినప్పుడు, ఆ ఎంపిక మిగతావాళ్లను పక్కకు నెడుతుంది. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. బేరం ఆడకపోవడం మంచితనం కాదని మాత్రం తెలుసుకున్నాను. ఊరి అద్దె ఎంతో కనుక్కుని అంతే ఇవ్వడం, వచ్చినవాళ్లం చెయ్యగలిగిన కనీసపు పని.

ఈమధ్య విశాఖ పేరు పేపర్లలో రోజూ కనబడుతోంది. టీసీఎస్‌కు 99 పైసలకే ఇరవై ఒక్క ఎకరాలకు పైగా ఇచ్చారు. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. రానివ్వండి, నేను సంతోషించేదాన్నే. కానీ డేటా సెంటర్‌కు కావలసింది కరెంటు, నీళ్లు, సముద్రం అడుగున కేబుల్. అది కట్టేటప్పుడు ఎంతమందికి పని ఇచ్చినా, నడిచేటప్పుడు కావలసిన మనుషులు తక్కువ. కొండ మీద భవనం లేస్తేనే ఐటీ వచ్చినట్టు అనుకోవడం మాత్రం నాకు నచ్చదు. భవనాల్లేకుండానే ఎంవీపీలో, సీతమ్మధారలో, గాజువాకలో, పెందుర్తిలో పడక గదుల్లో కూర్చుని పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల జీతం ఈ ఊరి కిరాణా కొట్టులో, ట్యూషన్లో, ఆటోలో ఖర్చవుతోంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున తెస్తామన్నారు. తెచ్చేటప్పుడు ఒక్క వాక్యం చేర్చమని నా కోరిక. రాయితీ తీసుకునే ఏ కంపెనీ అయినా, ఇంటి నుంచి పని ఇస్తానన్న ఉద్యోగికి ఆ ఊరి పేరు నియామక పత్రంలో రాసివ్వాలి. వెనక్కి తీసుకోవాలంటే కనీసం ఒక విద్యా సంవత్సరం ముందు చెప్పాలి. ఎకరాలు 99 పైసలకు ఇవ్వగలిగిన ప్రభుత్వం ఈ మాత్రం అడగగలదు.

ఈ వ్యాసం మొదలుపెట్టిన రోజు మా పై అంతస్తు కుర్రాడు తలుపు తట్టాడు. బొబ్బిలి వాళ్లు. నాలుగేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి వచ్చి, ఊళ్లో ఒంటరిగా ఉన్న వాళ్లమ్మను కూడా ఇక్కడికే తెచ్చుకున్నాడు. చెల్లెలు ఏయూలో ఎమ్మెస్సీ చేస్తోంది. సోమవారం కల్లా ఆఫీసులో ఉండాలని కబురు. చెల్లెలి చదువు మధ్యలో ఉంది, వాళ్లమ్మ ఇక్కడి డాక్టరుకు అలవాటు పడింది, కాబట్టి ఆడవాళ్లిద్దరూ ఇక్కడే. ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు అతనొక్కడే వెళ్తున్నాడు, తత్కాల్‌లో దొరికింది. వాళ్లమ్మకు గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు చెప్పిపెట్టమని అడగడానికి వచ్చాడు. అన్నీ ఒక కాగితం మీద రాసి తెచ్చాడు, నంబర్లతో సహా. మెట్ల మీద సగం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఫైబర్ కనెక్షన్ తీయించేస్తానంటోంది అమ్మ. వద్దని చెప్పండి. ఆరు నెలలకు ముందే కట్టేశాను."